తన తలగడ తానే కుట్టుకున్న మిషను

శవం టేబుల్ మీద పక్కకి ఒరిగి ఉంది.

ఒళ్ళంతా నలుపు. వయసు తొంభై పైమాటే. మెడ దగ్గర రెండు ముక్కలు. రక్తం లేదు. నాలుగు చుక్కల నూనె మాత్రం కింద పరిచిన పాత దుప్పట్లోకి ఇంకిపోయింది.

సమయం ఉదయం పది ఇరవై.

"చూశారా, ఎలా చంపేశారో!" అంది కుట్టు టీచరు. రిటైరై ఎనిమిదేళ్ళయినా గొంతు ఇంకా క్లాసురూములోనే ఉంది.

సర్వేయరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఈ వారంలో ఇది నాలుగో కేసు. పగిలిన టీవీ అయింది. తడిసిన పరుపు అయింది. కాలు విరిగిన బీరువా అయింది. ఇప్పుడు మెడ విరిగిన కుట్టు మిషను. పార్సిల్లో వచ్చిన సామాను పాడైతే, అది ఎవరి తప్పో తేల్చి ఇన్సూరెన్స్ కంపెనీకి రిపోర్టు రాయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కొరియర్ వాళ్ళు చాటున ఆవిణ్ణి "ఎక్స్‌రే మేడమ్" అంటారు. ఎక్స్‌రేకి మోకాళ్ళ నొప్పులుండవు. ఈవిడకున్నాయి. మూడంతస్తులు మెట్లెక్కి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"పెట్టె ఎప్పుడొచ్చింది?"

"నిన్న పదకొండుంబావుకి."

"ఎవరు విప్పారు?"

"నేనే."

"ఫోటోలు తీశారా?"

"ఒక్కొక్క పొరకీ తీశాను. మా మేనకోడలు ఉప్పు డబ్బా విప్పినా ఫోటో తియ్యమంటుంది. ఇన్నాళ్ళకి దాని మాట పనికొచ్చింది."

"మిషను కొత్తగా కొన్నారా?"

"కొనడమేమిటండీ! మా అమ్మది. రిపేరుకి పంపాను. ఇదిగో, ఇక్కడ చూడండి." టీచరు మిషను అడుగుబల్ల మీద వేలు పెట్టింది. నల్ల రంగు మీద బంగారు పూల వరస ఉంది. ఒక పువ్వు మాత్రం సగం చెరిగిపోయింది. "గుడ్డ జరుపుతూ అమ్మ ఎడమ చెయ్యి ఇక్కడే ఆనించేది. నలభై ఏళ్ళు. ఆ అరుగుదల చూసుకోవడానికే దీన్ని ఉంచుకున్నాను. కుట్టుకోవడానికి నాకు ఇంకో మిషనుంది."

ఇలాంటివి విన్నప్పుడు ఏదో ఒకటి అనాలి. సర్వేయరుకి అంత ఓపిక లేదు. పెట్టె వైపు తిరిగింది.

పెట్టెలు రెండు. పెద్దదాంట్లో చిన్నది. మధ్యలో నాలుగు వేళ్ళ మందాన గట్టి ఫోమ్. మిషన్ని చెక్క పీట నుంచి విప్పి, పీటని వేరే పార్సిల్లో పంపారు. చక్రానికుండే పిడి ఊడదీసి విడిగా చుట్టారు. రంగుకి తగిలేలా ప్లాస్టిక్ వెయ్యకుండా, ముందు పాత నూలుగుడ్డ చుట్టి, దాని మీద ఫోమ్ చుట్టారు. ఏ మూలా ఖాళీ లేదు.

ఇంత బాగా కట్టిన పెట్టెని ఆవిడ ఈ ఏడాదిలో చూడలేదు. మరి ఎందుకు విరిగినట్టు?

"ఇదేమిటి?"

"తలగడట. లోపల పెట్టిన చీటీలో అలాగే రాశారు."

జానెడు పొడవు దిమ్మ. లోపల చెక్క, పైన దూది, ఆపైన నీలం గళ్ళ గుడ్డ తొడుగు. మిషను పైచేతికీ అడుగుబల్లకీ మధ్య ఉండే ఖాళీలో దూర్చేది. పైచెయ్యి అదరకుండా ఆపుతుంది. తొడుగుకి ఒక చివర చిన్న జేబు. జేబు మూతి మీద మూడు చేతి కుట్లు. చీటీలో వంకర అక్షరాలు: "సూది తలగడ జేబులో ఉంది. జాగ్రత్త."

ఫోటోలో జేబు సూది వైపుకి ఉంది. పెట్టె విప్పగానే కనిపించేలా. సర్వేయరు ఆ ఫోటోని తన ఫోన్లోకి పంపించుకుంది.

తర్వాత పెట్టె మూతకున్న టేపుని గోటితో లేపింది. కింద ఇంకో టేపు ఉంది. ఆ కింది టేపుని మధ్యలో బ్లేడుతో కోశారు. సాఫీగా, మూత పొడవునా.

"కింది టేపు మీరు కోశారా?"

"నేను పైనుంచి చీల్చానంతే. బ్లేడంటే నాకు భయం."

అంటే ఈ పెట్టెని ఒకసారి మూశారు. ఎవరో విప్పారు. మళ్ళీ మూశారు.

"ఏమైనా పోయాయా?"

"ఏమీ పోలేదు. సూది జేబులోనే చేతికి తగులుతోంది. బాబిన్లు, పిడి, అన్నీ ఉన్నాయి."

ఏమీ తియ్యకుండా పెట్టె విప్పే దొంగ ఎవడు? సర్వేయరు మోకాలు పట్టుకుని లేచింది. "మిషనూ పెట్టే రెండూ నేను తీసుకెళతాను. రెండు రోజుల్లో కబురు చేస్తాను."

"అది అతుకుతుందా?" అని అడిగింది టీచరు. ఈసారి గొంతు క్లాసురూములోది కాదు.

"తెలీదండీ," అంది సర్వేయరు. నిజంగానే తెలీదు.

పన్నెండు నలభై ఐదు. కొరియర్ ఆఫీసు.

"నేను కాదు మేడమ్," అన్నాడు వ్యాన్ డ్రైవరు. ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు.

"ఏది నువ్వు కాదు?"

డ్రైవరు నీళ్ళు నమిలాడు. "అదే... మీరు వచ్చారంటే ఏదో అయ్యే ఉంటుంది కదా."

"పాత మిషన్ల షాపులో పెట్టె ఎన్నింటికి ఎత్తావు?"

"పోయిన సోమవారం, నాలుగూ పదికి. ఎప్పుడూ అదే టైము."

"దారిలో విప్పావా?"

"అయ్యో, ఆ బరువు ఎత్తేసరికే నడుం విరుగుతోంది. విప్పే తీరికెక్కడిది?" అతను ఫోన్ తీశాడు. "పికప్ ఫోటో ఉంది. ఫోటో తియ్యకపోతే యాప్ ముందుకి కదలదు."

సర్వేయరు ఫోటోని పెద్దది చేసి చూసింది. మూత మీద టేపు ఉబ్బెత్తుగా ఉంది. అంచులో కింది టేపు దారమంత కనిపిస్తోంది. నాలుగూ పదికే రెండు టేపులున్నాయి.

పార్సిళ్ళు విడదీసి పంపే హబ్ మేనేజరు సీసీ కెమెరా రికార్డింగు చూపించాడు. మంగళవారం ఉదయం ఆరూ ఇరవైరెండుకి పెట్టె బెల్టు మీంచి జారి పడింది. నడుమెత్తు.

"పడింది కదా మరి?"

"రోజుకి పది పెట్టెలు పడతాయి మేడమ్," అన్నాడు మేనేజరు ఆవలిస్తూ. "సరిగ్గా ప్యాక్ చేస్తే నడుమెత్తుకి ఏమీ కాదు. ప్యాకింగ్ డిఫెక్ట్ అని రాసెయ్యండి. అందరికీ పని తగ్గుతుంది."

రాసెయ్యొచ్చు. ఒక్క లైను. ఇంటికి వెళ్ళి కాళ్ళకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకోవచ్చు. కానీ అతను అన్నదే ఆవిడకి అడ్డొచ్చింది. సరిగ్గా ప్యాక్ చేస్తే ఏమీ కాదు. ఆ పెట్టెని అంత సరిగ్గానూ ప్యాక్ చేశారు. పైగా దాన్ని విప్పింది షాపు గడప దాటకముందే.

రెండు నలభై. పాత మిషన్ల షాపు.

పొడుగాటి గది. రెండు గోడలకీ నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా నల్లటి మిషన్లు, చక్రాలు, పిడులు, మూతలు. గది చివర కిటికీ పక్కన ప్యాకింగ్ బల్ల.

షాపు నడిపేది నలభై ఏళ్ళావిడ. పక్కన ఆవిడ భర్త. బల్ల దగ్గర స్టూలు మీద ఒక పెద్దాయన. షాపావిడకి పెదనాన్న. షాపు పెట్టిందీ, ఆ అమ్మాయికి పని నేర్పిందీ ఆయనే. ఇప్పుడు ప్యాకింగ్ మాత్రమే చేస్తున్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి మూడున్నరకి వచ్చే మనిషి, సర్వేయరు వస్తోందని ఇవాళ తొందరగా వచ్చి కూర్చున్నాడు.

"ఇది మూడోది మేడమ్," అన్నాడు భర్త. "రెండు నెలల్లో మూడు మిషన్లు. మూడూ మెడ దగ్గరే. మొదటి రెండూ వెనక్కొస్తే మేమే సర్దుకున్నాం, ఎవరికీ చెప్పలేదు. ఇంక మావల్ల కాదు. ఎల్లుండి నుంచి మావయ్యగారిని ఇంట్లోనే ఉండమంటున్నాం."

పెద్దాయన ఎదురుగానే ఉన్నాడు. భర్త ఆయన వైపు చూడకుండా అన్నాడు. షాపావిడ కిమ్మనలేదు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు పెద్దాయన. "చేతులు అయిపోయాయి. రాసుకోండి."

సర్వేయరు పెన్ను పైకెత్తింది గానీ రాయలేదు. ఇరవై ఆరేళ్ళలో అడగకముందే తప్పు ఒప్పుకున్న మనిషి ఆవిడకి తగల్లేదు. అందరూ తప్పుని పక్కవాడి మీదకి నెట్టేవాళ్ళే.

"ఎప్పట్నుంచి ఇలా?"

"మూడు నెలల కిందట ఒక పెట్టెలో సూది తియ్యకుండా పంపేశారు," అన్నాడు భర్త. "విప్పినావిడ వేలికి దిగింది. అప్పట్నుంచి ఐదు పంపాం. మూడు విరిగాయి."

"సోమవారం పెట్టె ఎన్నింటికి మూశారు?"

"పన్నెండు నలభైకి," అన్నాడు పెద్దాయన.

"తర్వాత?"

"ఒంటిగంటకి భోజనానికి వెళ్ళాను. కాస్త నడుం వాల్చి మూడున్నరకి వచ్చాను."

"అప్పటిదాకా పెట్టె?"

"ఈ బల్ల మీదే."

"షాపులో ఎవరున్నారు?"

"నేను మధ్యాహ్నాలు స్పేర్ పార్టుల కోసం తిరుగుతాను," అన్నాడు భర్త. "తనుంటుంది."

సర్వేయరు షాపావిడ వైపు తిరిగింది. "పెట్టెని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు మేడమ్. ఎవరూ ముట్టుకోలేదు. టీ తెమ్మంటారా?" ఒక్క గుక్కలో అనేసి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

సర్వేయరుకి టీ అక్కర్లేదు. కుర్చీ కావాలి. వెతుక్కుని కూలబడింది.

"ఎలా ప్యాక్ చేస్తారో చెప్పండి," అంది పెద్దాయనతో.

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. "చెప్పమంటే రాదమ్మా. చేతికిస్తే వస్తుంది."

"అయితే చెయ్యండి."

పెద్దాయన అరలోంచి ఒక మిషను దింపాడు. సూదిలో దారం ఎక్కించాడు. నీలం గళ్ళ గుడ్డ పాదం కింద పెట్టి చక్రం తిప్పాడు. నాలుగు నిమిషాల్లో తొడుగు తయారైంది, జేబుతో సహా.

"ప్రతి మిషనూ తన తలగడ తానే కుట్టుకుని బయల్దేరాలి," అన్నాడు. ఇప్పుడు గొంతులో కాస్త జీవం వచ్చింది. "అదే దానికి ఆఖరి పరీక్ష. కుట్టు వదులైనా, దారం తెగినా ఇక్కడే బయటపడుతుంది. పాసైతేనే ప్రయాణం."

సూది ఊడదీశాడు. కాగితంలో చుట్టి జేబులో వేశాడు. జేబు మూతికి మూడు కుట్లు వేశాడు. నూలుగుడ్డ చుట్టాడు. దిమ్మని తొడుగులో దూర్చి, తలగడని పైచేతి కిందకి నెట్టాడు. అప్పుడు ఆయన కళ్ళు తలగడ మీద లేవు. కిటికీలోంచి బయట కాకిని చూస్తున్నాడు. చేతులు మాత్రం తలగడని ఒకసారి తిప్పి, జేబున్న చివరని లోపలికి, చక్రం వైపుకి పోనిచ్చాయి.

సర్వేయరు ఫోన్లో టీచరు తీసిన ఫోటో తెరిచి చూసుకుంది.

మూడు యాభై. విరిగి తిరిగొచ్చిన మొదటి రెండు మిషన్ల తలగడలు అరలో ఉన్నాయి. అవి అడిగి తీసుకుంది. ఐదు పికప్ స్లిప్పులూ తీసుకుంది. షాపావిడ రసీదు మీద సంతకం పెట్టింది. ఎడమ చేత్తో.

సాయంత్రం ఐదున్నర. ఇంకా ఎండ ఉంది. సర్వేయరు కారు బానెట్ మీద మూడు తలగడలూ వరసగా పెట్టింది. స్కేలు తీసింది.

లోపలి దిమ్మ చూడ్డానికి సమానంగా ఉంది. స్కేలు పెడితే కాదు. జేబున్న చివర లావు. రెండో చివర సన్నం. తేడా ఆరు మిల్లీమీటర్లు. మూడింటికీ అంతే.

తర్వాత జేబు కుట్లు చూసింది. చాలాసేపు చూసింది.

విరక్కుండా చేరిన రెండు పెట్టెల కస్టమర్లకి ఫోన్ చేసింది. ఇద్దర్నీ ఒకటే ప్రశ్న అడిగింది. "సూది ఎక్కడ దొరికింది?"

"అబ్బబ్బ, ఆ సూది కోసం అరగంట వెతికామండీ," అంది మొదటావిడ. "దిమ్మ మొత్తం బయటికి లాగాకగానీ జేబు కనపడలేదు."

రెండో ఆయనా అదే చెప్పాడు. అరగంటకి బదులు పావుగంట అన్నాడంతే.

సర్వేయరు ఫోన్ పెట్టేసింది. కేసు తేలిపోయింది. సంతోషం మాత్రం కలగలేదు. రేపు ఆ గదిలో ఈ మాట చెప్పాల్సింది తనే. దానికంటే మూడంతస్తుల మెట్లు నయం అనిపించింది.

మర్నాడు ఉదయం పదకొండు. అందరూ ప్యాకింగ్ బల్ల చుట్టూ చేరారు. భర్త చేతులు కట్టుకున్నాడు. షాపావిడ మొహం పీక్కుపోయింది, రాత్రి నిద్ర లేనట్టుంది. పెద్దాయన ఎప్పటి స్టూలు మీదే కూర్చుని, ఆ రోజు పంపాల్సిన మిషన్ని తుడుచుకుంటున్నాడు. ఆయనకి ఆ బల్ల దగ్గర అదే ఆఖరి రోజు.

"మిషను విరిగింది హబ్‌లో," అంది సర్వేయరు. "విరగడానికి కారణం మాత్రం ఇక్కడే పుట్టింది."

"అంటే మావయ్యగారి ప్యాకింగే కదా," అన్నాడు భర్త.

"ఒక్క నిమిషం." ఆవిడ మూడు తలగడలూ బల్ల మీద పెట్టింది. "వీటికి ఒక చివర లావు, ఒక చివర సన్నం. ఎందుకండీ?"

"లావు చివర చక్రం వైపు ఉండాలమ్మా," అన్నాడు పెద్దాయన. "అక్కడ ఇనుము మందం, దెబ్బ తట్టుకుంటుంది. సూది వైపు ఊరికే అలా ఆనితే చాలు."

"తిరగేసి పెడితే?"

పెద్దాయన తుడవడం ఆపాడు. "తిరగేసి ఎవరు పెడతారు? సూది వైపు లావు దూరిస్తే, పెట్టె కింద పడగానే పైచెయ్యి ఎగదన్నుతుంది. పోత ఇనుము వంగదు కదమ్మా. మెడ దగ్గర పుటుక్కుమంటుంది."

"విరిగిన పెట్టెలో జేబు, అంటే లావు చివర, సూది వైపుంది. ఇదిగో ఫోటో. విరక్కుండా చేరిన రెండిట్లో చక్రం వైపుంది. నేను ఫోన్ చేసి కనుక్కున్నాను."

భర్త తెల్లమొహం వేశాడు. "అయితే మూడుసార్లు తిరగేసి పెట్టారన్నమాట! నేననేదీ అదే కదా. మర్చిపోతున్నారు."

"ఆయన తిరగేసి పెట్టలేదు. నిన్న నా కళ్ళముందు, కాకిని చూస్తూ, సరిగ్గా పెట్టారు. ఆ చేతులు అది మర్చిపోవు." సర్వేయరు టేపు ముక్క చూపించింది. "సోమవారం పన్నెండు నలభైకి మూసిన పెట్టెని నాలుగూ పదిలోపు ఎవరో బ్లేడుతో విప్పారు. తలగడ బయటికి తీశారు. జేబు కుట్లు తెంపారు. లోపల చూశారు. మళ్ళీ కుట్టారు. తలగడ పెట్టేశారు. పైన కొత్త టేపు వేశారు."

భర్త టేపు ముక్కని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"కుడిచేత్తో కుట్టేవాళ్ళ కుట్లు ఒక పక్కకి ఒరుగుతాయి. ఎడమచేత్తో కుట్టేవాళ్ళవి రెండో పక్కకి. నిన్న ఈయన నా ముందు వేసిన కుట్లు ఒకలా ఒరిగాయి. ఈ మూడు తలగడల మీదున్నవి రెండో పక్కకి ఒరిగాయి. ఇక పికప్ స్లిప్పులు చూడండి. విరిగిన మూడు రోజులూ సంతకం మీ ఆవిడది. విరగని రెండు రోజులూ మీది. ఆ రెండు రోజులూ ఆవిడ..."

"మా చెల్లెలి దగ్గరికి వెళ్ళాను," అంది షాపావిడ. "దానికి ఒంట్లో బాగాలేకపోతే."

భర్త ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వు విప్పావా?"

"సూది కోసం విప్పాను," అంది షాపావిడ. "మొదట్లో సూది తియ్యడం మర్చిపోయారు కదా. ఇంకెవరికైనా గుచ్చుకుంటే పెదనాన్నని ఇంక పని చెయ్యనివ్వవని... ఆయన భోజనానికి వెళ్ళాక ప్రతి పెట్టే విప్పి చూసేదాన్ని. సూది ఉండేది. ప్రతిసారీ ఉండేది. జేబు మాత్రం లోపలికి ఉండేది. కస్టమరుకి కనపడొద్దా? అది కూడా మర్చిపోయి పెట్టారనుకున్నాను. పాపం, తెలీకుండా సరిచేద్దామని బయటికి తిప్పాను."

"బిగుతుగా లేదూ?" అని అడిగింది సర్వేయరు.

"బిగుతుగానే ఉంది. మంచిదే అనుకున్నాను. పెట్టెలో ఏదీ కదలకూడదని చిన్నప్పట్నుంచీ చెప్పింది ఈయనే." అప్పుడావిడకి మొత్తం అర్థమైంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే మూడూ నేనే విరగ్గొట్టానా? నేను విరగ్గొట్టి, ఈయన్ని ఇంటికి పంపుతుంటే నోరు మూసుకుని చూస్తున్నానా?"

భర్త కట్టుకున్న చేతులు విప్పాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలీక బల్ల అంచు పట్టుకున్నాడు.

సర్వేయరు పెద్దాయన్ని చూసింది. "మీకు ముందే తెలుసు, కదండీ?"

పెద్దాయన ఒక తలగడ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో కుట్లు తడిమాడు.

"ఈ చేతికి కుట్టు నేర్పింది నేనేనమ్మా. ఏడేళ్ళ పిల్ల అప్పుడు. ఎడమచేత్తోనే కుట్టేది, మార్చనివ్వలేదు. మొదటిది తిరిగొచ్చినప్పుడు తలగడ అరలో పెడుతూ చూశాను. ఓహో, ఇది విప్పి చూస్తోంది అనుకున్నాను. తిరగేసి పెడుతోందని మాత్రం తెలీదు. తిరిగొచ్చిన పెట్టెలు అల్లుడే విప్పాడు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ఇది చూసి మరీ పంపింది. అయినా విరిగాయి. అంటే ఇక నా చేతుల్లోనే ఏదో పోయిందనుకున్నాను."

షాపావిడ భోరుమంది. "నువ్వు మర్చిపోయావని నేనూ, నేను చూశాను కాబట్టి తప్పు నీదేనని నువ్వూ! అడగొచ్చు కదా పెదనాన్నా, ఎందుకు విప్పుతున్నావే అని!"

"అడిగితే సిగ్గుపడి మానేస్తావు," అన్నాడు పెద్దాయన. "ఆ సూది నేను నిజంగానే మర్చిపోయానే అమ్మా. ఎవరూ చూడకపోతే ఎలా?"

సర్వేయరు ఫారం బయటికి తీసింది. ఇలాంటప్పుడు ఫారం ఉండటం మంచిది, తల దించుకోవడానికి పనికొస్తుంది.

"క్లెయిమ్ రాదు," అంది రాస్తూనే. "పెట్టె మూశాక షాపులోనే విప్పారు కాబట్టి. అది రాయక తప్పదు. ప్యాకింగ్‌లో లోపం లేదు. అదీ రాస్తున్నాను."

భర్త గొంతు సవరించుకున్నాడు. "మావయ్యగారూ, నేనన్న మాటలు..."

"ఆ టీచరుగారి మిషను ఇలా తీసుకురా," అన్నాడు పెద్దాయన, ఆ మాట పూర్తి కానివ్వకుండా. విరిగిన మిషన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగుబల్ల మీద అరిగిన పువ్వు దగ్గర వేలు ఆపాడు. "అడుగుబల్లకి ఏమీ కాలేదు. పైచెయ్యి బోల్టుల మీద కూర్చుంటుంది. ఇదే రకంది ఒకటి పైఅరలో ఉంది. వారంలో మార్చేస్తాను. పువ్వు ఎలా ఉన్నది అలాగే ఉంటుందని ఆవిడకి చెప్పండమ్మా."

"నేనే చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చొస్తాను," అన్నాడు భర్త. "మూడంతస్తులైనా సరే."

"లిఫ్టు లేదు," అంది సర్వేయరు. ఆ బాధ ఇంకొకరు కూడా పడతారంటే మొదటిసారి కాస్త తృప్తిగా అనిపించింది.

పదకొండు నలభై. పెద్దాయన ఆ రోజు పెట్టె పనికి పూనుకున్నాడు. తొడుగు పొద్దున్నే కుట్టి పెట్టుకున్నాడు. జేబు మూతికి కుట్లు కూడా వేసే ఉన్నాయి. మిషన్ని బల్ల మధ్యకి లాక్కున్నాడు. నూలుగుడ్డ చుట్టాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు. తలగడని ఒకసారి తిప్పి, జేబుని లోపలికి, చక్రం వైపుకి నెట్టాడు. సరిగ్గా అతికినట్టు కూర్చుంది. ఫోమ్ అందుకున్నాడు.

సర్వేయరు ఫారం మీంచి తలెత్తింది.

గుడ్డ మడతల మధ్య సన్నగా ఏదో మెరిసింది. సూది. ఇంకా మిషనుకే ఉంది.

ఆవిడ నోరు తెరవబోయి ఊరుకుంది. షాపావిడ వైపు చూసింది. షాపావిడ అప్పటికే చూసేసింది. మొగుడి వైపు ఒక్కసారి చూసింది. అతనూ చూశాడు.

"పెదనాన్నా," అంది మెల్లగా. "సూది."

పెద్దాయన చేతులు గాల్లో ఆగిపోయాయి. సూదిని చూశాడు. చేతిలో ఫోమ్‌ని చూశాడు. ఫోమ్ కింద పెట్టి, తలగడ బయటికి లాగి ఆవిడ చేతికిచ్చాడు.

షాపావిడ ఎడమచేత్తో మూడు కుట్లూ తెంపింది. ఆయన సూది ఊడదీసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఆవిడ జేబులో వేసి మళ్ళీ మూడు కుట్లు వేసింది. తలగడ ఆయనకి ఇవ్వబోయింది.

"నువ్వే పెట్టు," అన్నాడు.

ఆవిడ తలగడని ఒకసారి తిప్పింది. జేబుని చక్రం వైపుకి నెట్టింది. ఆయన వేలితో తడిమి చూసి తలూపాడు. భర్త వచ్చి పెట్టె మూతలు రెండూ నొక్కి పట్టుకున్నాడు. పెద్దాయన టేపు లాగాడు. ఒక్కటే టేపు వేశాడు.

మూత మీద "ప్యాక్ చేసినవారు" అని అచ్చేసిన కాగితం అంటించి, తన సంతకం పెట్టి, పెన్ను ఆవిడ చేతికిచ్చాడు.

సర్వేయరు మోకాలు పట్టుకుని లేచింది. ఐదో కేసు పన్నెండున్నరకి, పగిలిన నిలువుటద్దం. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. కాగితం మీద రెండు సంతకాలున్నాయి, రెండోది ఎడమచేత్తో పెట్టింది.